రాయలవారి కుళ్లాయి

"రాయలవారి తలమీద టార్చిబల్బులేందే?" అంటూ భీమక్క, తోడికోడలు గిరిజమ్మ చేతిలోంచి, చుట్టూ బల్బులు కుట్టిన పొడవాటి పట్టు టోపీని, రాయలవారి కుళ్లాయిని లాక్కుంది.

ఇరవై ఏళ్లుగా ఎమ్మిగనూరు నాటకాలకు దుస్తులు కుట్టేదీ, కిరీటాలు చేసేదీ భీమక్కే. ఎప్పుడూ రాజు వేషాలు వేసే ఆమె భర్త సిద్ధప్పదే ఈసారి కృష్ణదేవరాయల వేషం. అయినా అతను కుళ్లాయి పని తమ్ముడి భార్యకు అప్పగించాడు. చూసినవాళ్లంతా అప్పుడే గిరిజమ్మను మెచ్చుకుంటున్నారు.

బల్బుల కుట్లు తెంపేయాలని భీమక్క కత్తెర తీసింది. కుళ్లాయి దూదిలా తేలిగ్గా ఉంది.

"లోపల ఏం పెట్టినావు?"

"కొత్త రేడియో పెట్టెలో వచ్చిన థర్మోకోల్ అక్కా. నీ రేకు కిరీటం బరువుకు బావకు మెడ పట్టేస్తాదంట. చెవి పైన ఒరుసుకుని పుండు గూడా పడిండాది."

"ఎప్పట్నుంచి?"

"మూడేండ్లాయ. నీకు సెప్తే బాధపడ్తావని సెప్పొద్దన్నాడు."

నాటకం అయిన ప్రతిసారీ కిరీటం ఎట్లుందని భీమక్క భర్తను అడిగేది. "శానా బాగుండాది" అనేవాడు.

"నాకు సెప్పని మాట నీకు సెప్పినాడు" అంది భీమక్క.

తర్వాత అదే కత్తెరతో తన పాత చీర కొంగు మెత్తగా ఉన్నచోట చిన్న ముక్క కత్తిరించింది. సూదిలో దారం ఎక్కించి, కుళ్లాయిని ఒళ్లో తిరగేసి పెట్టుకుంది.

"ఏ చెవి పైన?" అని గిరిజమ్మనే అడిగింది.