లెన్సులో మచ్చ

“ఇందులోనూ మచ్చ ఉందన్నయ్యా,” అంది చెల్లెలు, కెమెరా కంటి దగ్గర నుంచి తీయకుండానే.

పాత కెమెరాలు అమ్మే ఆ ఇరుకు కొట్టులో, అద్దాల బీరువా నిండా నల్లని కెమెరాలు మూతులు బిగించుకుని కూర్చున్నాయి. కౌంటరు వెనక యజమాని కూడా అలాగే కూర్చున్నాడు. ఆయన తీసి చూపించినవాటిలో ఇది మూడోది.

“ఎక్కడమ్మా మచ్చ?”

“సరిగ్గా మధ్యలో. బూడిద రంగులో. ముందు చూసినవాటిలోనూ అక్కడే ఉంది.”

“బూజు,” అన్నాడు అన్నయ్య, తీర్పు చెప్పినట్టు. పాత కెమెరా కొనేముందు చూసుకోవలసినవేమిటో చెప్పే వీడియోలన్నీ చూసి, దారి పొడుగునా చెల్లెలికి అదే నూరిపోశాడు. తేమ చేరితే లెన్సు లోపల బూజు పడుతుంది, బూజు పట్టిన లెన్సు కొంటే పెట్టిన డబ్బు నీళ్లపాలవుతుంది.

యజమాని లెన్సు ఊడదీసి, దీపానికి ఎదురుగా పట్టి, అటూ ఇటూ తిప్పాడు. “కడిగిన ముత్యంలా ఉంది బాబూ. కావాలంటే నువ్వే చూడు.”

“నా సోడాబుడ్డి అద్దాలతోనా? ఎదురుగా లారీ నిలబడినా నాకు అనుమానమే. మా ఇంట్లో కళ్లున్నది దీనికొక్కదానికే. ఇది ఉందంటే ఉన్నట్టే.”

చెల్లెలికి నవ్వు రాలేదు. పసిపిల్లల ఫోటోలు తీసే స్టూడియోలో ఆమెకు పని ఇస్తామన్నారు. రేపు పొద్దున సొంత కెమెరాతో వస్తేనే ఆ పని ఆమెది, రాకపోతే ఇంకొకరిది. అన్నయ్య తన బండి అమ్మి డబ్బు చేతిలో పెట్టాడు. దానికి కొత్త కెమెరా రాదు. పాతదే కొనాలి, ఒక్కసారే కొనాలి, తప్పు లేకుండా కొనాలి.

“మొదటిసారి కొనేవాళ్లంతా కెమెరా బాడీ చూసి మురిసిపోతారు,” అన్నాడు యజమాని ఆమెతో, గొంతు తగ్గించి. “బాడీ పాతదైనా పరవాలేదమ్మా. మిగిలిన డబ్బంతా మంచి లెన్సు మీద పెట్టు. పసిపిల్లల కళ్లల్లో ఫ్లాష్ కొట్టకూడదు కదా. కిటికీ వెలుతురుతో పని జరిపించే లెన్సు ఇది. నీ పనికి ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు.”

లెన్సు బిగించి, అన్నయ్యకు గురిపెట్టి, ఒక్క నొక్కు నొక్కి, కెమెరా వెనక తెర చూపించాడు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ వంగి చూశారు. దళసరి అద్దాలూ, మాసిన గడ్డమూ, నుదుటి మీద చెమటా, అన్నీ ఉన్నది ఉన్నట్టు పడ్డాయి.

“ఏదీ మచ్చ?”

“లేదు,” అంది చెల్లెలు మెల్లగా.

“ఇవాళ లేదు. రేపు పడుతుంది,” అన్నాడు అన్నయ్య. “బూజు కదా, పెరగదూ?”

“నీ బుర్రలో పెరిగిందయ్యా బూజు,” అన్నాడు యజమాని.

చెల్లెలు మళ్లీ కెమెరా ఎత్తింది. కుడి కన్ను ఆనించి, ఎడమ కన్ను గట్టిగా మూసింది.

“ఆ కన్ను అంత బిగిస్తావెందుకే? సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు పెట్టావు మొహం. పిల్లలు ఝడుసుకుంటారు.”

“అది మూస్తేనే ఈ కన్ను నిలుస్తుంది. నువ్వు మాట్లాడకు.” కాసేపు అలాగే చూసింది. మచ్చ కదలలేదు, కరగలేదు. కెమెరా మాత్రం చేతిలో బాగా ఇమిడింది. వదలబుద్ధి కాలేదు. “పోనీలే అన్నయ్యా, ఇదే తీసుకుందాం. మచ్చతో సర్దుకుంటాను.”

“సర్దుకుంటావా? రేపు పిల్లల మొహాల మీద మచ్చలు పడితే, వాళ్ల అమ్మలు సర్దుకుంటారా?” అన్నయ్య యజమాని వైపు తిరిగాడు. “ఈ బీరువా మొత్తం తేమ పట్టింది. తెలిసే అమ్ముతున్నారు. కొత్తవాళ్లం, ఏం తెలుస్తుందిలే అనుకున్నారు.”

అప్పుడే గుమ్మంలో కాలు పెట్టిన ఒకావిడ, ఆ మాట విని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

యజమాని ఆమె వెళ్లిన దారినే చూశాడు. తరువాత లేచి, స్టూలెక్కి, పై అర నుంచి ఒక డబ్బా దించాడు.

“ఇది కంపెనీ నుంచి వచ్చాక ఎవరూ ముట్టనిది. నువ్వు కొనలేవు, నేను తగ్గించలేను. నా కొట్టు పరువు కోసం విప్పుతున్నాను. ఇందులోనూ మచ్చ ఉందని చెప్పమను మీ చెల్లెల్ని. ఇవాళే తలుపులు మూసేస్తాను.”

బ్లేడుతో అతుకు కోశాడు. కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చింది. బ్యాటరీ వేసి, రెండు చేతులతో కెమెరా ఆమెకు అందించాడు.

చెల్లెలు వీధి వైపు తిరిగింది. కుడి కన్ను ఆనించింది, ఎడమ కన్ను బిగించింది. లేదని చెప్పాలనే ఉంది ఆమెకు. ఆ పెద్దాయన కోసమైనా, తన పని కోసమైనా లేదనే చెప్పాలనుంది.

“ఉంది,” అంది.

“విన్నారా?” అన్నయ్య కౌంటరు మీద గుద్దాడు. “మూసిన డబ్బాలోనూ బూజేనా? మీకసలు సిగ్గనేది ఉందా?”

యజమాని ఖాళీ డబ్బాను తిరగేసి చూశాడు.

“ఆగన్నయ్యా, ఆయన్ని ఏమీ అనకు,” అంటూ ఆమె కెమెరా దించేసి, ఆ కంగారులో ఎడమ కన్ను తెరవడం మరిచి, అలాగే అన్నయ్య వైపు తిరిగింది.

అన్నయ్య చొక్కా కనిపించింది. కౌంటరు మీద బిగిసిన పిడికిళ్లు కనిపించాయి. ముఖం ఉండవలసిన చోట అదే మచ్చ ఉంది.