పెర్ల్ నేర్చుకునేవాళ్లున్నారా?

"నాలుగింటికి బ్యాచ్ మూసేస్తాం. ఏదో ఒకటి తేల్చండి," అంది శిక్షణ కేంద్రం గుమాస్తా.

ఇరవై ఏళ్లు అచ్చక్షరాలు పేర్చిన ప్రెస్సు మూతపడి, కంపోజిటర్ ఇక్కడికొచ్చి పడ్డాడు.

అతని ముందున్నవి వెబ్‌సైట్లు తయారుచేసే పాత భాషలు రెండు. పీహెచ్‌పీ, పెర్ల్. ఒక్కదానికే స్తోమతుంది. తప్పుది పట్టుకుంటే సంసారం గోవిందా.

"పీహెచ్‌పీ తీసుకో బావా, అందరూ అదే," అన్నాడు తోడొచ్చిన బావమరిది. వాడికి కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు. సలహాలకి మాత్రం లోటు లేదు.

బెంచీ చివర ఒక ముసలాయన కూర్చున్నాడు. నెలకోసారి వచ్చి, పెర్ల్ నేర్చుకునేవాళ్లున్నారా అని అడిగి పోతాడు. అక్కడంతా ఆయన్ని ముత్తాత అంటారు.

ఆయన కంపోజిటర్ దగ్గరికి జరిగాడు. "ఏం పని చేసేవాడివి నాయనా?"

"కంపోజింగండీ. ప్రూఫులు కూడా నేనే దిద్దేవాణ్ణి."

ముత్తాత ఒక కాగితం తీశాడు. నిండా పిచ్చి గీతల్లాంటి గుర్తులు. "ఇందులో ఓ తప్పుంది. ఎక్కడో చెప్పు."

"నాకీ భాష రాదండీ."

"రాకపోయినా చూడు."

కంపోజిటర్ వేలు అలవాటుకొద్దీ కిందికి జారింది. "ఇక్కడ బ్రాకెట్ తెరిచారు, మూయలేదు."

ముసలాయన మొహం వెలిగిపోయింది. "పెర్ల్ నేర్చుకో. పైసా వద్దు, నేనే చెబుతా. ఇకనుంచి రోజూ సాయంత్రం ఇక్కడే ఉంటా."

బావమరిది చెయ్యి పట్టి లాగాడు. "ఊరికే ఎవడిస్తాడు బావా? అది పాడె ఎక్కిన భాషట!"

"పాడె ఎక్కించారు. ఊపిరింకా ఆగలేదు," అన్నాడు ముత్తాత.

"నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?" అడిగాడు కంపోజిటర్.

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగాడు. "ముందు నేర్చుకో."

కంపోజిటర్ మనసు విరిగింది. "తీరికున్నవాళ్లకి చెప్పండి తాతగారూ," అని పీహెచ్‌పీకి సంతకం పెట్టాడు.

క్లాసులు నడిచిన ఆర్నెల్లూ ముత్తాత రోజూ కనిపించేవాడు. కంపోజిటర్ మొహం తిప్పుకుని వెళ్లేవాడు.

ఏడాది దాటింది. ఒక్కో ఉద్యోగానికి రెండొందలమంది. అందరూ కుర్రాళ్లే, అందరిదీ పీహెచ్‌పీయే. కూతురి చదువు ఆగిపోయింది. బావమరిది సలహాలు ఆగలేదు.

చివరికి కాపలా పనికోసం పెద్దాసుపత్రికి వెళ్లాడు.

అక్కడ రికార్డుల గది ఖాళీ చేస్తున్నారు.

"కంప్యూటర్లు తీసేస్తున్నారేంటమ్మా?" అనడిగాడు ఆ గది అధికారిణిని.

"నడిపేవాళ్లు లేరండీ. అంతా పెర్ల్‌లో రాసింది. రాసిన పెద్దాయన కిందటి నెల పోయారు. ఆ పని బయటి కంపెనీకి ఇచ్చేశాం."

కంపోజిటర్ చూపు మూలనున్న ఖాళీ కుర్చీ మీద పడింది. "ఆయన తర్వాత... ఇంకెవర్నీ పెట్టుకోలేదా?"

"తన చోటికి మనిషిని ఎంచుకునే అధికారం ఆయనకే ఇచ్చాం. ఉద్యోగం ఉందని చెప్పి తెచ్చిన ఇద్దరూ మూణ్ణెల్లకే పారిపోయారు. అప్పట్నుంచి ఉద్యోగం మాటెత్తకుండా వెతికేవారు."

"ఎవరూ దొరకలేదా?"

"నిరుడు ఎవరో ప్రెస్సులో పనిచేసినాయన దొరికాడన్నారు. 'తనంతట తనే రావాలి, ఆశపెట్టి తెస్తే నిలవడు' అంటూ, పోయే రోజుదాకా ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదండీ."