చివరి వరుసలో తెల్ల బెల్టు

ఆ వృద్ధుడు హాలు గడపను తాకి, వేళ్లు కళ్లకద్దుకొని లోపల అడుగుపెట్టాడు.

వరుసలో నిలుచున్న పిల్లలు కిసుక్కుమన్నారు.

"గిది గుడి గాదు తాతా!" అన్నాడొకడు.

"మనకు గుడే గదా బిడ్డా," అన్నాడాయన, నవ్వుతూనే.

నస్పూర్‌లో రెండు రోజుల తైక్వాండో శిక్షణ శిబిరం మొదలైన ఉదయమది. శిక్షకుడు రాకేశ్ నల్ల బెల్టు కొసను కళ్లకద్దుకొని నడుముకు కట్టుకుంటున్నాడు. స్వర్గస్థుడైన గురువు సదానందం ఇచ్చిన బెల్టది. ఆ నమస్కారం కానిదే అతడు ఏనాడూ సాధన ఆరంభించలేదు.

"పేరేంది పెద్దాయనా?"

"పర్శరాములు, మాస్టర్. నిర్మల్ దిక్కు."

"షుగరొచ్చిందా? డాక్టర్ పంపిండా?"

"లేదు మాస్టర్. నలుగురితోని కలిసి సాధన జేద్దామని వచ్చిన."

ఆయన సంచిలోంచి తీసినది తెల్ల బెల్టు. అంటే, నిన్న చేరిన పసివాడితో సమానం. ఈ విద్యలో మనిషి నిలబడే చోటును నిర్ణయించేది వయసు కాదు, బెల్టు రంగు.

"చివరి లైన్ల నిలబడు."

"అట్లనే మాస్టర్."

ఆయన వెళ్లి పిల్లల పక్కన నిలిచాడు. కొడుకు వయసువాడి ఆజ్ఞకు తల వంచడంలో ఆయనకు ఏ సంకోచమూ కనిపించలేదు. బెల్టు సవరించుకోవలసి వచ్చినప్పుడు మాత్రం గురుస్థానానికి వెనుదిరిగి సవరించుకునేవాడు. గురువు ఎదుట బెల్టు సర్దుకోకూడదన్న పాతతరపు ఆ మర్యాదను ఎవరూ గమనించలేదు.

భోజనాల వేళ అందరికంటే ఆలస్యంగా లేచేది ఆయనే.

"ఎంతసేపు నములుతవ్ తాతా?" అని సృజన ఆటపట్టించింది.

"తినుడు గూడ ప్రాక్టీసే బిడ్డా. మరి నీ పళ్లెమేది?"

సృజన తల దించుకుంది. రాకేశ్ శిక్షణ కేంద్రానికి ఆశాజ్యోతి ఆ పిల్ల. మర్నాడు రాష్ట్ర పోటీలకు ఎంపిక. ఆమె ఆడే విభాగానికి బరువు కిలో ఎక్కువుంది. అందుకని రాకేశ్ అన్నం మాన్పించాడు, నీళ్లూ మాన్పించాడు. స్వెటర్ మీద స్వెటర్ తొడిగించి ఎండలో పరుగెత్తిస్తున్నాడు.

మర్నాడు పొద్దున, తూకానికి ముందు, సృజన గోడకు ఆనుకొని కూలబడింది. పెదవులు పగిలి ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు.

పర్శరాములు వరుస విడిచి వచ్చాడు. స్వెటర్లు విప్పించి, ఆమెను నీడన కూర్చోబెట్టాడు. తన డబ్బాలోని జొన్న అంబలి గుక్క గుక్కగా తాగించాడు. డబ్బా సగమయ్యేసరికి ఆమె కళ్లు తెరిచింది.

రాకేశ్ పరుగున వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్? ఇంక తూకంల ఎట్ల పాసైతది? నెలల కష్టం మంటల గల్పితివి!"

"పానం ముందు మాస్టర్. తూకం తరువాత."

"గీడ మాస్టర్ నువ్వా, నేనా?"

"మీరే మాస్టర్."

"మరి నా పిల్లకు అంబలి తాపుటానికి నువ్వెవలివి?"

వృద్ధుడు అంబలి డబ్బాకు మూత పెట్టాడు.

"తెల్ల బెల్టోనివి, తెల్ల బెల్టు లెక్కనే ఉండాలె. నడువు బయటికి!"

"పోత మాస్టర్. బిడ్డను పై బరువుల ఆడియ్యుండ్రి. కాళ్లల్ల సత్తువున్నది, గెలుస్తది."

ఆయన సంచి సర్దుకొని, నడుము వంచి నమస్కరించాడు. లేచేటప్పుడు ఆయన చూపు రాకేశ్ ముఖం మీద లేదు. నల్ల బెల్టు కొస మీద ఒక్క క్షణం నిలిచి, చెమ్మగిల్లింది. గడపను మళ్లీ తాకి, కళ్లకద్దుకొని వెళ్లిపోయాడు.

తూకంలో సృజన బరువు మించింది. గత్యంతరం లేక రాకేశ్ ఆమెను పై విభాగంలో దింపాడు.

ఎదుట ఆసిఫాబాద్ అమ్మాయి, సృజన కంటే తలంత ఎత్తు ఎక్కువ. మొదటి రౌండులో సృజన ఓడింది. రెండోది గెలిచింది. మూడో రౌండులో ఎదుటి పిల్ల ఊపిరందక తడబడుతుంటే సృజన కాలు ఇంకా గాలిలో తేలికగా లేస్తూనే ఉంది.

చప్పట్లు మిన్నుముట్టాయి.

సృజన పతకం పట్టుకొని వచ్చింది. "సార్, పర్శరాములు తాత ఏడి?"

రాకేశ్ తల వంచుకున్నాడు. "నేనే ఎల్లగొట్టిన సృజనా. తప్పు జేసిన. ఉరుకు, బస్టాండుల ఉంటడేమో, పిలుచుకరా!"

ఆమె ఉరికి, కాసేపటికి ఒక్కతే తిరిగొచ్చింది. "చూసొచ్చిన సార్. బస్సెక్కి పోయిండట."

ఎంపికను పర్యవేక్షించడానికి మధ్యాహ్నం వచ్చిన మాస్టర్ బాలమల్లు కొరియాలో ఏళ్ల తరబడి సాధన చేసినవారు. రాకేశ్ భుజం తట్టబోయి, అతడి బెల్టు చూసి ఆగిపోయారు.

"గీ బెల్టు నీకెక్కడిది నాయనా?"

"మా సదానందం సార్ ఇచ్చిండు సార్. సార్‌కు ఆయన గురువు తన నడుముది విప్పి కట్టిండట."

"ఎవలా గురువు?"

"ఎన్నడు చెప్పలే సార్. గురువు పేరు నోటితోని అనద్దని, అడిగితే దండంబెట్టి ఊకుంటుండె."

"మరి కొసకు కుట్టిన గీ కొరియా అచ్చరాలు?"

"బెల్టు కుట్టిన కంపెనీ పేరు గద సార్."

"కంపెనీ పేరు గాదు, బెల్టు ఎవలిదో ఆయన పేరు. కొరియా మాస్టర్లు తమ చేతుల మీదుగ బెల్టిస్తే శిష్యుని పేరు గిట్ల కుట్టిస్తరు."

రాకేశ్ రెండు చేతులా బెల్టు కొసను పైకెత్తి పట్టుకున్నాడు.

బాలమల్లు దానిని వెలుగుకు తిప్పి, ఒక్కొక్క అక్షరాన్నే కూడబలుక్కొని చదివారు: "ప... రు... శ... రా... ము... లు."