రెండు సెట్లలో తేల్చెయ్

"మళ్లీ కొట్టు. బ్యాక్‌హ్యాండ్‌కి. ఇంకా కిందికి."

బంతి నెట్‌ను రాసుకుంటూ వచ్చింది. ఆమె కావాలనే వదిలేసింది.

"ఇదిగో, ఇక్కడే ఆ అమ్మాయి తడబడుతుంది."

ఎదుటి పిల్ల చెమట తుడుచుకుంది. రేపు సెమీఫైనల్. రేపటి ప్రత్యర్థి ఎలా ఆడుతుందో ఈ మాజీ ఛాంపియన్ అచ్చుగుద్దినట్టు ఆడి చూపిస్తోంది. పాయింటు పోతే పెదవి కొరుక్కోవడం కూడా వదల్లేదు.

సర్వీసు మాత్రం కింది నుంచే వేస్తోంది. ఆమె కుడి చెయ్యి భుజం దాటి లేవదు. ఒకప్పుడు నొప్పి తెలియకుండా సూది వేయించుకుని ఫైనల్ ఆడింది. కప్పు గెలిచింది. ఆటకు అదే ఆఖరు. ఇప్పుడు తల దువ్వుకోవాలన్నా ఎడమ చెయ్యే దిక్కు.

"ఆ అమ్మాయి కూడా భుజానికి పట్టీ వేసుకుని ఆడుతోందట కదా మేడమ్," అంది పిల్ల. "అన్నీ ఎత్తు బంతులే వేసి ఏడిపిస్తే?"

"వద్దు." గొంతు కటువుగా వచ్చింది. "ఒక్క ఎత్తు బంతి కూడా వద్దు. మూడో సెట్‌దాకా సాగదీయకు. రెండు సెట్లలో తేల్చేసి ఇంటికి పంపు."

పిల్ల బిక్కమొహం వేసింది. "ఆ అమ్మాయంటే మీకంత కోపమా?"

"చాలా కోపం."

పిల్ల కోచ్ ఆమెను పక్కకు పిలిచాడు. ఎవరూ పిలవకుండా తనంతట తానే వచ్చి నేర్పిస్తానంది మరి. పొద్దుటి నుంచీ ఆయనకు ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది.

"ఈ సంగతి బయటికి పొక్కితే నలుగురూ దుమ్మెత్తిపోస్తారు మేడమ్. నా నోరు నేను కట్టేసుకుంటాను. మీరే ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చాను. ఆ అమ్మాయి ఫైనల్ ఆడకూడదు. అంతే."

రాకెట్ సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. తను చేసింది ఎంత నీచమైన పనో ఆమెకు తెలుసు. మెట్ల మీదే కూలబడింది.

ఫోన్ మోగింది. కాసేపు దానివంక చూసి, ఎత్తింది.

"అమ్మా, రేపు నా మ్యాచ్‌కి నువ్వు ముందు వరసలోనే కూర్చో, నీ మొహం కనిపిస్తుంటే ఈ భుజం నొప్పి గుర్తే రాదు."