మొగిలివాగు సర్పంచ్

చెప్పు విసరమంటే పెద్దాయన విసరలేదు.

"కట్!" అని అరిచాడు దర్శకుడు బసవపున్నయ్య.

అప్పటికది నాలుగో టేకు.

1993 ఏప్రిల్. ఫిలింనగర్ బండరాళ్ల మధ్య వెదురుతో, ప్లాస్టరుతో ఒక ఊరు కట్టారు. దాని పేరు మొగిలివాగు. అసలు మొగిలివాగు గోదావరి పక్కన ఉండేది. ఇప్పుడక్కడ ఊరు లేదు, బొగ్గు తవ్విన గొయ్యి ఉంది. బొగ్గున్న చోట ఇళ్లు కట్టుకోవడం వాళ్ల తప్పే అన్నట్టు ఐదేళ్లలో ఊరిని పెకలించి పారేశారు. సినిమావాళ్లు మాత్రం పదిహేను రోజుల్లో మళ్లీ నిలబెట్టేశారు.

సీను చిన్నదే. ఊరిని గనికి రాసిచ్చేసిన సర్పంచ్ పంచాయతీ ఆఫీసు మెట్లు దిగుతాడు. జనం తిడుతూ చెప్పులు విసరాలి. మొదటి చెప్పు పెద్దాయనది. అచ్చం ఊరు పోగొట్టుకున్నవాడి ముఖంలా ఉందని బసవపున్నయ్యే ఆయన్ను ఏరి ముందు నిలబెట్టాడు.

జూనియర్ ఆర్టిస్టులను తెచ్చే ఏజెంటు రాజబాబు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటి పెద్దాయనా? చెప్పు విసరడం కూడా నేర్పాలా? నీ ఒక్కడి వల్ల ఇంతమంది ఎండలో మాడిపోతున్నారు."

"గాయన దొంగ కాదు సారూ."

"ఎవరు?"

"గా సర్పంచ్."

జనం గొల్లున నవ్వారు.

కథ, మాటలు రాసిన అచ్యుతరామయ్య గొడుగు కింద నుంచి లేచి వచ్చాడు.

"నీకేం తెలుసయ్యా?"

"గా దిక్కు బతికినోణ్ణి సారూ. ముందుగాల గనోళ్లు పొలాల్ల బోర్లేసిండ్రు. నీళ్లొస్తయని సంబురపడ్డం. ఎనుక బాంబులు పెట్టి పేల్చిండ్రు. గోడలు పగిలినయి, బాయిలు ఎండినయి. ఒక్కొక్కరే పోయి సంతకం పెట్టిండ్రు. సర్పంచ్ అందరి ఎనుక పెట్టిండు."

"కాదు, అందరికంటే ముందు పెట్టాడు. కొడుక్కి గనిలో ఉద్యోగం కోసం పెట్టాడు. నేను వాళ్ల కొత్త కాలనీకి పోయి, అడిగి తెలుసుకుని రాశాను. ఊరంతా ఒకటే మాట చెప్పింది."

"ఊరంతానా?"

"ఊరంతా."

"శకుంతలమ్మ గూడనా?"

"ఆవిడే అందరికన్నా గట్టిగా చెప్పింది."

ఆ పేరు నీకెలా తెలుసని అడగాలని అచ్యుతరామయ్యకు తోచనే లేదు. కొండ మీదికి మబ్బు వస్తోంది. వెలుతురు పోతే ఆ రోజు షూటింగ్ పోయినట్టే.

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు.

"ముందుగాల సంతకం పెట్టిండన్న గా ఒక్క మాట తీసెయ్యుండ్రి సారూ. ఊరెట్లనో పోయింది. మనిషి పేరన్న బద్నాం కాకుండ ఉండనియ్యుండ్రి."

"అది తీసేస్తే మరి విలన్ ఎవరయ్యా?"

అచ్యుతరామయ్య గొడుగు కిందికి వెళ్లిపోయాడు.

ఐదో టేకు. జనం అరిచారు. చెప్పులు లేచాయి. పెద్దాయన మాత్రం చెప్పు చేత్తో పట్టుకుని, ఏడుస్తూ నిలబడిపోయాడు.

"ఆ ఏడుపు బాగుంది. ఉంచేద్దాం" అన్నాడు బసవపున్నయ్య.

రాజబాబు మాత్రం రేపటి నుంచి రావద్దన్నాడు. పెద్దాయన చెప్పును కింద పెట్టి బోరబండ దారి పట్టాడు. ఆయన పేరేమిటని ఎవరూ అడగలేదు. ఆ లోకంలో పేర్లు తెర మీద పడేవాళ్లకే ఉంటాయి.

ఆగస్టులో ప్రివ్యూ వేశారు.

కథ చెప్పినవాళ్లకు సినిమా చూపించాలని అచ్యుతరామయ్యకు సరదా పుట్టింది. శకుంతలమ్మను, ఇంకో నలుగురిని జీపు పంపి రప్పించాడు. సినిమాలో జనాన్నంతా తెచ్చింది తనేనని చెప్పుకుంటూ రాజబాబు వాళ్ల పక్కనే కూర్చున్నాడు. తెర మీద మొగిలివాగు కనబడగానే వాళ్లు పిల్లల్లా ఒకరి చేతులొకరు పట్టుకున్నారు.

చెప్పుల సీను వచ్చింది.

శకుంతలమ్మ దిగ్గున లేచింది.

"ఆపుండ్రి! జర ఆపుండ్రి సారూ!"

బొమ్మ ఆగింది. లైట్లు వెలిగాయి.

"ఏమైందమ్మా?" అన్నాడు అచ్యుతరామయ్య.

"మేం మీకు అబద్ధం చెప్పినం. ఒకరికి తెల్వకుండ ఒకరం అందరం పోయి సంతకాలు పెట్టినం. అందరికన్న ముందుగాల పెట్టింది నా పెనిమిటే. ఇండ్లు కూలుతుంటే ఒకరి మొకం ఒకరు చూసుకోలేక నింద సర్పంచ్ మీదేసినం. గది మొయ్యలేక గాయన ఎటో ఎల్లిపోయిండు. గాయనకు అసలు కొడుకే లేడు. నా తమ్ముణ్ణి సాదుకున్న కొడుకని రాయించి, ఇల్లు పోయినందుకు తనకొచ్చిన గని కొలువు మాకిచ్చిండు."

మిగతా నలుగురూ తలలెత్తలేదు.

అచ్యుతరామయ్య కుర్చీలోంచి లేచాడు. సినిమా ఎల్లుండే విడుదల. ప్రింట్లు జిల్లాలకు వెళ్లిపోయాయి.

"ఆయన ఎక్కడున్నాడమ్మా? వెళ్లి కాళ్ల మీద పడతాను."

శకుంతలమ్మ ఆ మాట విననట్టే రాజబాబు వైపు తిరిగింది.

"జనంల ఏడుస్తున్న గా ముసలాయన మీ మనిషేనా?"

"అవునమ్మా. మే నెల ఎండల్లో బోరబండలోనే పోయాడు పాపం. అయినవాళ్లెవరో తెలియలేదు. మేమే నలుగురం మోసి మట్టి చేశాం."

శకుంతలమ్మ తెల్లటి తెర ముందు అట్లాగే కూలబడింది.

"సర్పంచ్‌ను కొట్టమని మీరు చెప్పు ఇచ్చింది సర్పంచ్ చేతికే సారూ."