మల్ల?

"ఫోన్ల ఏం ఎతుకుతున్నవ్ బిడ్డా?"

హఫీజ్‌పేట్ స్టేషన్లో, బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలమ్మ అడిగింది. ఒళ్ళో ఆకుపచ్చ గుడ్డసంచి, చేతిలో గోరుచిక్కుడుకాయ.

రసజ్ఞ తల ఎత్తింది. ఎంఎంటీఎస్ రైలు ఆ రోజు కూడా ఆలస్యమే.

"ఎతకడంల్యా అవ్వా, రాసుకుంటాండా. నాకొచ్చే ఆలోచనలు, ప్రశ్నలు అన్నీ దీంట్లో దాచుకుంటాండా."

"మల్ల?" అంది అవ్వ, ఈనె లాగుతూ.

అలా "ఆ తర్వాత?" అని అడిగేవాళ్ళు లేక మొహం వాచి ఉంది రసజ్ఞ. కడప నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ నోట్సే ఆమె లోకం. ప్రశ్నకొక కార్డు, ఆలోచనకొక కార్డు, ఒకదాని నుంచి ఇంకోదానికి లింకు, పైన రంగురంగుల ట్యాగులు. దొరికిన యాప్ ఏదీ నచ్చక, చివరికి సొంతంగా ఒకటి కట్టుకోవడం మొదలుపెట్టింది. కార్డులు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. జవాబులే రాలేదు.

"ఇంకేముందవ్వా, ప్రశ్నలన్నీ ఊరికే పడుండాయి. ఈ పొద్దు ఒకటి చూడు..."

ఆఫీసులో ఎంతకీ తెగని చిక్కొకటి మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. అవ్వకు ఏం అర్థమవుతుందని ఆలోచించలేదు. మాట ఆగినప్పుడల్లా అవ్వ ఆమె ముఖంలోకి చూసి "మల్ల?" అంది.

రైలు కనబడేసరికి జవాబు దొరికేసింది, రసజ్ఞ నోటి నుంచే!

"దొరికిందవ్వా!"

అవ్వ బోసినోటితో నవ్వింది.

ఆఫీసులో ఈ సంగతి చెబితే పక్కసీటు గిరీష్ తన బల్ల మీది రబ్బరు బాతును ఎత్తి చూపించాడు. ప్రోగ్రాం ఎక్కడైనా మొరాయిస్తే ముందు ఆ బాతుకు వివరంగా చెప్పుకోవాలి. చెబుతూ ఉంటే తప్పు దానంతటదే కనబడుతుంది. వాళ్ళ టీములో అది ఆచారం.

"నీకేం, మాట్లాడే బాతే దొరికింది," అన్నాడు.

రసజ్ఞ కూడా నవ్వేసింది.

ఇక రోజూ అదే బెంచీ. అవ్వతో పాటు ఈనెలు తీస్తూ రసజ్ఞ చెప్పుకుపోయేది. ఒకసారి పేరేంటని అడిగితే దానికీ అవ్వ "మల్ల?" అంది. చెప్పడం ఇష్టం లేదేమోనని ఆమె మళ్ళీ అడగలేదు.

ఒక శుక్రవారం, అన్నిటికంటే పాత కార్డు తెరిచింది. దాన్ని ఏ లింకుకూ తగిలించలేదు, ఎవరికీ చూపించలేదు.

"అవ్వా, నాకు నిజంగా ఏం కావల్ల? ఈ ఉద్యోగం చేసుకుంటా ఇట్లే ఉండిపోవల్లనా?"

అవ్వ చేతిలో కాయ ఆగింది.

"మల్ల?"

రసజ్ఞ నోరు తెరిచింది. అంతలో రైలు వచ్చింది.

"మళ్ళీ వచ్చి చెప్తాలే అవ్వా!"

చెప్పలేదు. ఆ సోమవారం నుంచి ఆఫీసు వాళ్ళు ఇంటి ముందుకే క్యాబు పంపడం మొదలుపెట్టారు. చల్లటి క్యాబును కాదని ప్లాట్‌ఫారం మీద పడిగాపులు ఎవరు కాస్తారు?

మరి అవ్వ? దానికీ రసజ్ఞ ఒక ఉపాయం కనిపెట్టింది. తన యాప్‌లో ప్రతి ప్రశ్న కిందా ఒక బటన్ పెట్టింది. నొక్కితే "మల్ల?" అని అడుగుతుంది. అవ్వ ఇప్పుడు తన చేతిలోనే ఉందనుకుని మురిసిపోయింది.

యాప్ "మల్ల?" అంది. రసజ్ఞ రాసింది. యాప్ మళ్ళీ "మల్ల?" అంది. ఆమె యాప్ మూసేసింది.

ఆ పాత కార్డు అలాగే ఉండిపోయింది.

యాప్ నొక్కితేనే అడుగుతుంది. అవ్వ మాత్రం, రసజ్ఞ మాట ఆగినప్పుడల్లా ముఖంలోకి చూసి, తనంతట తనే అడిగేది. అది తలపుకొచ్చాక రసజ్ఞకు అవ్వ మీద బెంగ పట్టుకుంది. క్యాబులో కూర్చున్నా మనసు ఆ బెంచీ మీదే ఉండేది.

ఒకరోజు క్యాబును పంపించేసి స్టేషనుకు పరుగెత్తింది.

బెంచీ మీద అవ్వ లేదు. ఆకుపచ్చ సంచి మాత్రం ఉంది, ఒక నడివయసు ఆవిడ పక్కన.

"అక్కా, ఈ సంచి అవ్వది కదా?"

ఆమె రసజ్ఞ కళ్ళద్దాలనూ, మెళ్ళోని ఐడీ కార్డునూ తేరిపార చూసింది.

"అద్దాల పిల్లవు నువ్వేనా? నేను ఆమె బిడ్డను, భూలక్ష్మిని. అమ్మ పోయింది బిడ్డా, మొన్న అమాసకు."

రసజ్ఞ బెంచీ మీద కూలబడింది.

"పొద్దున నన్ను రైలెక్కించనీకి వచ్చి, నేను పోయినంక గూడ ఈడనే కూసునేది. నువ్వు రాకున్నా కూసునేది. 'ఆ పిల్ల ముచ్చట సగంల ఆగింది, వస్తది' అంటుండె."

"నేను... పేరు కూడా తెలుసుకోలేదు."

"బుచ్చమ్మ. నువ్వంటే పానం ఆమెకు. 'ఇయ్యాల ఆ పిల్లకు దొరికింది' అని ఇంటికొచ్చి మస్తు సంబురపడేది."

రసజ్ఞ కళ్ళు తుడుచుకుంది.

"నేను చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని మీకు చెప్పేదా అక్కా?"

భూలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అవన్నీ ఆమెకెట్ల ఎరుక బిడ్డా? మా అమ్మకు చెవులు పోయి ఏండ్లాయె, నీ మొకం చూసుకుంట కూసునేది."