ఒడ్డుకు రాని వల

పరీక్ష పేపరు దిద్దుతున్న సరళ టీచర్ రోజారాణిని దగ్గరికి పిలిచింది.

“అడ్జెక్టివ్ ఫ్రేజులు అన్నీ కరెక్టే రాసినవ్. ‘ద లేక్ ఈజ్’ తర్వాత ఖాళీ ఎందుకిడిసినవ్? ‘ఫుల్ ఆఫ్ ఫిష్’ అని పాఠంలనే ఉంది గద.”

“ఎరికే టీచర్.”

“మరి రాయి.”

“ఇప్పుడు రాయొద్దు. మా నాయిన శామీర్‌పేట చెరువుల వలేసిండు. వల ఒడ్డుకు రాకముందే నిండుగ చాపలున్నయంటే ఒక్కటి పడది. మా ఇంట్ల ఎవ్వరం అనం.”

“గిది గ్రామరు. మీ చెరువు గురించి కాదు.”

“పాఠంల ఏ చెరువో రాయలే టీచర్.”

సరళ టీచర్ పెన్ను మూత పెట్టింది. “వల ఎప్పుడొస్తది?”

“అన్నం బెల్లుకు మా అమ్మ చాపల గంప ఎత్తుకొని గేటు ముంగట్నించే పోతది.”

“గప్పుడే రాద్దువు తీ.”

అన్నం బెల్లు కొట్టాక రోజారాణి గేటు దాకా వెళ్లింది. అమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని వస్తోంది. చెరువంతా అల్లుకున్న కలుపులో వల చిక్కుకుపోయిందని అమ్మ నోట విని తిరిగొచ్చి, పేపరు అడిగి తీసుకుని రాసింది: ‘ఫుల్ ఆఫ్ గుర్రపుడెక్క’.

సరళ టీచర్ పెన్ను మూత తీసి రైటు కొట్టింది. ఫ్రేజులో తప్పేమీ లేదు.